గెలిచే జట్టు టోపీ పెట్టుకోవడం తప్పా? ఇరవై రెండేళ్లు ఓక్లాండ్ స్టాండ్లలో కూర్చున్న అభిమాని మాట

మీరు అడిగింది ఇదీ: కాలిఫోర్నియాలో ఫ్రీమాంట్‌కి వచ్చి ఏడాదైంది, షోహెయ్ ఒహ్తాని ఆట చూసి బేస్‌బాల్ మీద ఇష్టం పుట్టింది, అతను ఆడే లాస్ ఏంజెలెస్ జట్టు డాడ్జర్స్ టోపీ కొనుక్కున్నారు, ఆఫీసులో శాన్ ఫ్రాన్సిస్కో జట్టు జెయింట్స్ అభిమానులు "బ్యాండ్‌వాగన్ గాడొచ్చాడు" అని ఏడిపిస్తున్నారు. ఇది తప్పా? అసలైన అభిమాని అంటే ఎవరు? ఓడిపోయే జట్టుని పట్టుకుని జనం ఏళ్ల తరబడి ఎందుకు ఉంటారు? మొదటిసారి స్టేడియానికి వెళ్తే ఏం చూసుకోవాలి?

మొదటి దానికి జవాబు చిన్నదే. టోపీ తీయకండి. మిగతా వాటికి కొంచెం ఓపిగ్గా చదవాలి, ఎందుకంటే నేను 2002 నుంచి 2024 దాకా ఓక్లాండ్ అథ్లెటిక్స్ ఆటలకి వెళ్లినవాణ్ణి (ఇక్కడ అందరూ ఏస్ అంటారు), ఆ జట్టు మా ఊరు వదిలి వెళ్లిపోయింది, కాబట్టి ఈ విషయం మీద నాలుగు ముక్కల్లో ఆగడం నా వల్ల కాదు.

బ్యాండ్‌వాగన్ అంటే సర్కస్ ఊరేగింపులో మేళగాళ్లు కూర్చుని వాయించుకుంటూ వెళ్లే బండి. అమెరికాలో ఎన్నికలప్పుడు ఎవరి బండి చుట్టూ జనం ఎక్కువ ఉంటే రాజకీయ నాయకులు ఆ బండి ఎక్కేసేవాళ్లు, అలా ఆ మాట గెలుపు ఎటుంటే అటు పోయేవాళ్లకి అంటుకుంది. మనవాళ్లు గాలివాటం మనిషి, ఏ ఎండకా గొడుగు పట్టేవాడు అంటారే, అదే. కానీ ఆ తిట్టులో ఒక విషయం మరుగున పడిపోతుంది. మేళం విని బండి దగ్గరికి రావడం వేరు, మేళం ఆగగానే దిగిపోవడం వేరు. చిన్నప్పుడే నాన్న చెయ్యి పట్టుకుని స్టేడియానికి వెళ్లినవాళ్లని పక్కన పెడితే, మిగిలిన అభిమానులంతా ఏదో ఒక మంచి సీజన్‌లో మేళం విని వచ్చినవాళ్లే. నేనూ అంతే.

2002 ఆగస్టు దాకా నాకు ఈ ఆటలో ఓనమాలు రావు. ఆ నెల 13న మొదలై ఏస్ వరసగా గెలుస్తూ పోయింది, పది, పన్నెండు, పదిహేను. ఆఫీసు క్యాంటీన్లో వేరే మాట లేదు. జీతాలకి 4 కోట్ల డాలర్లు ఖర్చు పెట్టే జట్టు, అంతకి మూడు రెట్లు పెట్టే న్యూయార్క్ యాంకీస్‌తో సమానంగా గెలుస్తోందంటే అందరికీ ఆశ్చర్యమే. సెప్టెంబరు 4, బుధవారం, అది ఇరవయ్యో ఆట. మా టీమ్‌లో ఒకతను ఒక టికెట్ ఎక్కువుంది వస్తావా అంటే వెళ్లాను. ఆ రాత్రి ఏస్ స్టేడియం కొలీసియంలో 55,528 మంది. మూడు ఇన్నింగ్స్ అయ్యేసరికి (ఆటకి తొమ్మిది ఉంటాయి, అప్పటికీ సమానమైతే ఇంకా సాగుతుంది) మాది 11, కాన్సస్ సిటీ రాయల్స్‌ది సున్నా. ఇంకేముంది, ఇంటికెళ్లిపోదాం, ట్రాఫిక్ ఉంటుంది అన్నాను. మావాడు నా వైపు ఎలా చూశాడో ఇప్పటికీ గుర్తుంది. కూర్చోబెట్టాడు. రాయల్స్ ఒక్కొక్కటిగా తెచ్చుకుంటూ తొమ్మిదో ఇన్నింగ్స్‌లో 11-11 చేసేశారు. అప్పుడు స్కాట్ హ్యాటెబర్గ్ అనే ఆటగాణ్ణి వేరేవాడి బదులు బ్యాటింగ్‌కి పంపారు, అతను కొట్టిన బంతి కుడివైపు గోడ దాటింది. నాకు రూల్సు సగం తెలియవు, పక్కనున్నవాడెవడో నన్ను కౌగిలించుకుని ఎగురుతున్నాడు, నేనూ ఎగురుతున్నాను.

అంటే నేను ఇరవయ్యో గెలుపు రోజున వచ్చిన మనిషిని. ఇంతకంటే పెద్ద బ్యాండ్‌వాగన్ ఉంటుందా? మరి నన్ను ఎవరూ ఆ మాట అనలేదు. ఎందుకంటే మర్నాటి నుంచి ఏం చేశానన్నది ముఖ్యం గానీ, ఏ రోజు వచ్చానన్నది కాదు.

మర్నాటి నుంచి చేసిందల్లా బుధవారాలు వెళ్లడమే. ఆ రోజుల్లో బుధవారం ఆటకి రెండు డాలర్ల టికెట్లు ఉండేవి. బార్ట్ రైలు దిగితే స్టేషన్ నుంచి స్టేడియానికి పొడవాటి వంతెన, దానికి రెండువైపులా చొక్కాలు, వేరుశెనక్కాయల సంచులు, ఉల్లిపాయలతో కాల్చే హాట్ డాగులు. ఆ ఉల్లిపాయల వాసన తగిలితేనే నాకు ఆట మొదలైనట్టు. స్టేడియం చూస్తే అందమేమీ ఉండదు, 1966లో కట్టిన కాంక్రీటు గిన్నె. వెనక కనిపించే కొండల్ని కూడా 1990ల మధ్యలో ఫుట్‌బాల్ జట్టు కోసం ఎత్తుగా కట్టిన గ్యాలరీ మింగేసింది. 2013లో మురుగునీరు డ్రెస్సింగ్ రూముల్లోకి వచ్చేసి ఆటగాళ్లు స్నానాలకి వేరే అంతస్తుకి పోవాల్సి వచ్చింది, దేశమంతా నవ్వింది. కానీ కుడివైపు బ్లీచర్లలో, అంటే ఔట్‌ఫీల్డ్ వెనక బెంచీల్లో, డ్రమ్ములు మోగుతుంటే, పచ్చ జెండాలు ఊగుతుంటే ఆ గిన్నెలో శబ్దం తిరిగి తిరిగి వచ్చేది. ఇప్పుడు ప్రపంచంలో ప్రతి స్టేడియంలోనూ జనం అలలా లేచి కూర్చుంటారు కదా, 1981 అక్టోబరు 15న ఆ వేవ్ టీవీలో దేశమంతటికీ కనిపించింది ఈ కొలీసియం నుంచే.

అక్కడే నాకొక పెద్దావిడ పరిచయమైంది. పోస్టాఫీసులో పనిచేసి రిటైరైన మనిషి, ఎప్పుడూ మూడో బేస్ వైపు (పరుగుకి దాటాల్సిన మజిలీలని బేస్ అంటారు) నాకు ముందు వరసలో కూర్చునేది. ఒళ్లో అట్ట, అట్ట మీద స్కోరు పుస్తకం, చేతిలో పెన్సిల్. నేను వెనక నుంచి తొంగి చూస్తుంటే రెండో వారం పక్కకి పిలిచి కూర్చోబెట్టి నేర్పింది. మైదానంలో ఒక్కో స్థానానికి ఒక్కో అంకె ఉంటుంది, బంతి వేసే పిచ్చర్ 1, బ్యాటర్ వెనక బంతి పట్టే క్యాచర్ 2, మొదటి బేస్ 3, అలా కుడి ఔట్‌ఫీల్డ్ 9 వరకూ. రెండో, మూడో బేస్‌ల మధ్య నిలబడే షార్ట్‌స్టాప్ బంతి పట్టి రెండో బేస్‌కి విసిరి, అక్కణ్ణుంచి మొదటి బేస్‌కి వెళ్లి ఇద్దరూ అవుటైతే గడిలో 6-4-3 అని రాస్తారు. మూడు స్ట్రైక్‌లైతే అవుట్, ఆ మూడో స్ట్రైక్‌కి బ్యాట్ ఊపి తప్పితే ఇంగ్లీషు 'కె' అక్షరం, అసలు ఊపకుండా నిలబడి చూస్తూ అవుటైతే అదే 'కె'ని తిరగేసి రాయాలి. ఆ తిరగేసిన 'కె' నేను మొదటిసారి సరిగ్గా రాసిన రోజు ఆవిడ దాని పక్కన చిన్న టిక్కు పెట్టింది, బళ్లో పంతులమ్మ పెట్టినట్టు. ఏస్ తొమ్మిది పరుగులు వెనకబడి ఉన్న ఒక రోజు, ఇంకా రాస్తున్నారా అని అడిగితే, "ఓడిన ఆట కూడా ఆటే కదా, లెక్క ఉండొద్దూ" అంది.

ఓటములకి మాకు కొదవ లేదు. 2000, 2001, 2002, 2003, వరసగా నాలుగేళ్లు ప్లే ఆఫ్స్‌కి వెళ్లి నాలుగుసార్లూ మొదటి రౌండ్‌లోనే, అదీ ఆ రౌండ్‌లో ఆఖరిదైన ఐదో ఆటలో పోయింది. 2012, 2013లో డెట్రాయిట్ చేతిలో మళ్లీ ఐదో ఆటలో. 2014లో కాన్సస్ సిటీలో ఒకే ఒక్క నాకౌట్ ఆట, ఎనిమిదో ఇన్నింగ్స్ మొదలయ్యేసరికి 7-3తో మాదే పైచేయి, పన్నెండో ఇన్నింగ్స్‌లో 9-8తో ఓడాం. మర్నాడు ఆఫీసులో ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాలేదు. నెల తిరక్కుండానే బే అవతల శాన్ ఫ్రాన్సిస్కోలో జెయింట్స్ ఐదేళ్లలో మూడో కప్పు గెలిచారు, ఊరంతా నారింజ రంగే. జూలైలో పచ్చ చొక్కాతో నా పక్కన కూర్చున్న ఇద్దరు అక్టోబరులో నారింజ చొక్కాలతో ఊరేగింపుకి వెళ్లారు. ఆ రోజు నాకు బాధేసింది, నిజమే. కోపం మాత్రం వాళ్లు జెయింట్స్ ఆట చూసినందుకు కాదు. "మేం ఎప్పటి నుంచో జెయింట్సే" అన్నందుకు. మీ ఆఫీసువాళ్లలో కూడా అలాంటివాళ్లు ఉండే ఉంటారు, ఎందుకంటే జెయింట్స్ స్టేడియం 2010 అక్టోబరు నుంచి వరసగా 530 ఆటలు హౌస్‌ఫుల్‌గా నడిచి, 2017లో జట్టు అడ్డంగా ఓడుతున్నప్పుడు ఆగిపోయింది. ఆ హౌస్‌ఫుల్ రోజుల్లో వచ్చినవాళ్లలో ఎంతమంది 2017లో మిగిలారో వాళ్లనే అడగండి.

ఇక మీ డాడ్జర్స్ సంగతి. 2024లో గెలిచారు, 2025లో టొరంటోతో ఫైనల్స్‌లో ఆఖరిదైన ఏడో ఆట పదకొండు ఇన్నింగ్స్ దాకా లాగి మళ్లీ గెలిచారు. 2025లో వాళ్ల ఇంటి ఆటలకి 40 లక్షల మందికి పైగా వచ్చారు. డబ్బు కుమ్మరించి ఆటగాళ్లని కొంటారు, ఒహ్తానికి పదేళ్లకి 70 కోట్ల డాలర్లు రాసిచ్చారు. కాబట్టి ఇప్పుడు ఆ టోపీ పెట్టుకున్న ప్రతి కొత్తవాడికీ ఈ మాట తప్పదు. కానీ ఆ జట్టు చరిత్రలోనే మీ పక్షాన సాక్ష్యం ఉంది.

1981లో మెక్సికోలోని సొనోరా రాష్ట్రంలో ఒక చిన్న పల్లె నుంచి వచ్చిన ఫెర్నాండో వాలెన్సులా అనే ఇరవై ఏళ్ల కుర్రాడు డాడ్జర్స్‌కి బంతి వేశాడు. బొద్దుగా ఉంటాడు, ఇంగ్లీషు రాదు, బంతి వేసే ముందు కళ్లు ఆకాశం వైపు తిప్పుతాడు. ఆ ఏడాది వేసిన మొదటి ఎనిమిది ఆటలూ గెలిచాడు. అంతకుముందు లాస్ ఏంజెలెస్‌లోని మెక్సికన్ కుటుంబాల్లో చాలామందికి ఆ స్టేడియం అంటే పడదు, అది ఉన్న చావెజ్ రవీన్ లోయలో వాళ్లవాళ్ల ఇళ్లు ఖాళీ చేయించిన గాయం అలాగే ఉంది. ఫెర్నాండో బంతి వేస్తున్నాడంటే అమ్మమ్మలు, తాతలు, పిల్లలు, అందరూ వచ్చారు. అది పచ్చి బ్యాండ్‌వాగన్. ఒక్క ఆటగాణ్ణి చూడ్డానికి, అదీ గెలుస్తున్న ఏడాదిలో వచ్చినవాళ్లు. ఇవాళ ఆ స్టేడియంలో స్పానిష్ మాట్లాడే అభిమానుల్ని చూడండి, అమ్మమ్మ 1981లో మొదలుపెట్టింది, మనవలు ఇంకా వస్తున్నారు. 2024 అక్టోబరులో వరల్డ్ సిరీస్‌కి, అంటే కప్పు తేల్చే ఫైనల్స్‌కి, రెండు మూడు రోజుల ముందు ఫెర్నాండో చనిపోతే స్టేడియం గేటు బయట పూలూ కొవ్వొత్తులూ పేర్చింది వాళ్లే. ఒహ్తానిని చూసి మీరు రావడానికీ దానికీ తేడా ఏమీ లేదు. తేడా ఉంటే గింటే అది ఇకపై మీరు చేసేదాంట్లో ఉంటుంది. ఒహ్తాని రిటైరయ్యాక కూడా మీకు వాళ్ల షార్ట్‌స్టాప్ ఎవరో తెలుస్తుందా? తెలిస్తే చాలు.

ఓడిపోయే జట్టుకి జనం రారు, అది జనం తప్పు అనే వాదన ఒకటి వింటుంటారు. మా మీద బాగా వాడారు దాన్ని, కాబట్టి అంకెలు చెప్తాను. 1979 ఏప్రిల్ 17న కొలీసియంలో ఒక ఆటకి లెక్క కట్టిన జనం 653. మొత్తం సీజన్‌కి 3 లక్షల పైచిలుకు. 1980లో జట్టు కొత్త యజమానుల చేతికి వెళ్లింది, ఊళ్లోవాళ్లే, జట్టు మీద డబ్బు పెట్టారు, స్కూళ్లకి వెళ్లారు, జనంతో మాట్లాడారు. 1989లో కప్పు గెలిచింది, 1990లో వచ్చిన జనం 29 లక్షలు. అదే ఊరు, అదే కాంక్రీటు గిన్నె, పదకొండేళ్లలో దాదాపు పది రెట్లు. మళ్లీ 2023 చూడండి, 8 లక్షల 32 వేలు, లీగ్ మొత్తంలో అట్టడుగు. ఈ మధ్యలో ఊరేమైనా మారిపోయిందా? 2022 వసంతంలో మ్యాట్ ఓల్సన్, మ్యాట్ చాప్‌మన్ లాంటి మంచి ఆటగాళ్లందర్నీ వరసబెట్టి వేరే జట్లకి ఇచ్చేశారు, టికెట్ ధరలు పెంచారు, జట్టుని లాస్ వేగస్ తీసుకెళ్తామని మొదలుపెట్టారు. పెళ్లి చెడగొట్టుకోదలచినవాడు ముందు వంట మానేసి, తరవాత భోజనానికి ఎవరూ రాలేదని ఫిర్యాదు చేసినట్టుంది ఆ వ్యవహారం. 2023 మే 15న ఒక ఆటకి 2,064 మంది వస్తే ఆ ఫోటోలు దేశమంతా తిప్పారు. ఆ రెండు వేలలో మా పెద్దావిడ ఉంది. ఆ ఫోటో చూసినప్పుడల్లా నాకు ఖాళీ కుర్చీలు కాదు, ఆమె కూర్చున్న వరస కనిపిస్తుంది.

దానికి జవాబుగా అభిమానులు ఒక పని చేశారు. మానేయడం బదులు, అందరూ ఒకే రోజు వద్దామనుకున్నారు. రివర్స్ బాయ్‌కాట్ అని పేరు పెట్టారు. 2023 జూన్ 13, మంగళవారం, టాంపా బే రేస్‌తో ఆట. నెల మొదటి వారంలో మా జట్టు లెక్క 12 గెలుపులు, 50 ఓటములు. అలాంటి జట్టు ఆటకి 27,759 మంది వచ్చారు. చందాలు వేసుకుని అచ్చేయించిన పచ్చ చొక్కాలు వేల సంఖ్యలో పార్కింగ్‌లో ఊరికే పంచారు, వాటి మీద 'అమ్మేయ్' అని ఒకే మాట, జట్టుని అమ్మేయమని యజమానికి. ఐదో ఇన్నింగ్స్ మొదలవుతూనే ముందే అనుకున్న ప్రకారం మొత్తం స్టేడియం నోరు మూసుకుని నిలబడింది. అంతమంది జనం ఉన్నచోట డ్రమ్ములు కూడా ఆగిపోతే ఎలా ఉంటుందో చెప్పలేను, బంతి క్యాచర్ గ్లోవ్‌లో పడే చప్పుడు నేను కూర్చున్న పై వరస దాకా వినిపించింది. మొదటి బ్యాటర్ అయ్యాక ఒక్కసారిగా గొంతులు లేచాయి. మేం 2-1తో గెలిచాం, వరసగా ఏడో గెలుపు. ఆ రాత్రే నెవాడా సెనేట్ కొత్త స్టేడియానికి 38 కోట్ల డాలర్ల ప్రజాధనం ఇచ్చే బిల్లు పాస్ చేసింది. నవంబరులో మిగతా జట్ల యజమానులు ఒక్కరు కూడా కాదనకుండా తరలింపుకి ఒప్పేసుకున్నారు.

చివరి ఆట 2024 సెప్టెంబరు 26, గురువారం మధ్యాహ్నం. 46,889 మంది. టెక్సాస్ రేంజర్స్ మీద 3-2తో గెలిచాం. ఆఖరి అవుట్ తరవాత కోచ్ మార్క్ కాట్సే మైకు తీసుకుని జనంతో మాట్లాడాడు, 'లెట్స్ గో ఓక్లాండ్' అని ఆయనే అందుకున్నాడు. పెద్దపెద్ద మగవాళ్లు కూర్చున్నచోటే ఏడ్చారు. అందరూ పైకి చూస్తుంటే పెద్దావిడ తల వంచుకుని ఆఖరి గడి నింపి, కింద గీత గీసి, స్కోరు వేసి, తేదీ రాసింది. ఇక పుస్తకం మూసేస్తుందనుకున్నా. పేజీ తిప్పి, కొత్త పేజీ పైన 'సెప్టెంబరు 27, సియాటిల్' అని రాసింది. ఏమిటన్నట్టు చూస్తే, "రేపు ఆట ఉంది కదా, రేడియోలో వస్తుంది" అంది. ఓడిపోయే జట్టుని ఎందుకు పట్టుకుని ఉంటారని అడిగారు కదా మీరు, నా దగ్గర అంతకంటే మంచి జవాబు లేదు.

ఇక్కడ ఒక నిజం కూడా చెప్పాలి. ఏస్ ఓక్లాండ్‌లో పుట్టలేదు. 1954 దాకా ఫిలడెల్ఫియా, 1967 దాకా కాన్సస్ సిటీ. 1968లో మాకు పండగైన రోజు కాన్సస్ సిటీలో ఎవరో ఏడ్చే ఉంటారు. మీ డాడ్జర్స్, మీ ఆఫీసువాళ్ల జెయింట్స్ ఇద్దరూ 1957 అయ్యాక న్యూయార్క్‌ని వదిలి ఇటు వచ్చినవాళ్లే, బ్రూక్లిన్‌లో ఆ గాయం గురించి ఇప్పటికీ మాట్లాడతారు. మనకీ కొత్త కాదు ఇది. డెక్కన్ ఛార్జర్స్ 2008లో ఆఖరి స్థానం, 2009లో కప్పు, 2012 ఆఖరికి జట్టే లేదు. మా తమ్ముడు ఆ నీలం జెర్సీ ఇంకా హైదరాబాద్‌లో బీరువాలో పెట్టుకున్నాడు. సన్‌రైజర్స్ వచ్చాక వాళ్లకీ కేకలేశాడు, 2016లో కప్పు గెలిస్తే స్వీట్లు పంచాడు, కానీ ఆ జెర్సీ మాత్రం పారేయలేదు. అదే ఉప్పల్‌లో ధోని వస్తే సగం గ్యాలరీ పసుపు రంగులోకి మారిపోతుంది, వాళ్లని చూసి మా తమ్ముడు కస్సుమంటాడు. నేను అననివ్వను. ఒక మనిషి ఆట మీద ఉండే ప్రేమ కూడా ప్రేమే.

ఏస్ ఇప్పుడు వెస్ట్ శాక్రమెంటోలో 14 వేలమంది పట్టే చిన్న మైదానంలో ఆడుతోంది, పేరులో ఏ ఊరూ లేకుండా ఉత్త అథ్లెటిక్స్ అని, వేగస్‌లో స్టేడియం పూర్తయ్యే వరకూ. 2025 జూలైలో నిక్ కర్ట్జ్ అనే కొత్త కుర్రాడు ఒకే ఆటలో నాలుగు హోమ్ రన్లు (గోడ దాటే బంతులు, మన సిక్సర్ లాంటివి) కొడితే పొద్దున్నే ఫోన్‌లో చూసి చప్పట్లు కొట్టాను, తరవాత చాలాసేపు ఊరుకున్నాను. టికెట్ మాత్రం కొనలేదు. కొందరు స్నేహితులు వెళ్తున్నారు, వాళ్లని తప్పుపట్టను. నేను వెస్ట్ ఓక్లాండ్‌లో రైమోండి పార్కుకి వెళ్తున్నాను, అక్కడ 2024లో ఓక్లాండ్ బాలర్స్ అని చిన్న లీగ్ జట్టు మొదలైంది, మామూలు అభిమానులకి కూడా వాటాలు అమ్మారు, 2025లో వాళ్ల లీగ్ గెలిచారు. కొలీసియంలో మోగిన డ్రమ్ములు ఇప్పుడు అక్కడ మోగుతున్నాయి.

కొలీసియంకి ఒక్కసారి మళ్లీ వెళ్లాను. 2025 జూన్ 12న, క్రికెట్‌కి. మేజర్ లీగ్ క్రికెట్ ఆటలు అక్కడ పెట్టారు. అదే వంతెన, ఈసారి చుట్టూ తెలుగే, "ఒరేయ్ టికెట్ నీ ఫోన్‌లోనే ఉంది చూడరా" అని కేకలు. ఫిన్ అలెన్ 51 బంతుల్లో 151 కొట్టాడు, 19 సిక్సర్లు, టీ20ల్లో ప్రపంచ రికార్డు. నేను కూడా అరిచాను. మధ్యమధ్యలో కళ్లు మాత్రం మూడో బేస్ వైపు వరసల మీదికే పోయాయి.

ఇక మీరు మొదటిసారి వెళ్లడం గురించి. జెయింట్స్ ఉండే ఒరాకిల్ పార్కుకే వెళ్లండి, అందమైన చోటు, కుడివైపు గోడ దాటిన బంతి సముద్రపు నీళ్లలో పడుతుంది, పడవల్లో జనం కాచుకుని ఉంటారు. డాడ్జర్స్ వచ్చిన రోజే వెళ్లి మీ టోపీ పెట్టుకోవచ్చు, బూ అంటారు, అది ఆటలో భాగం, నవ్వి ఊరుకోండి, తాగినవాడితో మాత్రం వాదన పెట్టుకోకండి. నా సలహా అయితే మొదటిసారికి వారం మధ్యలో పగటి ఆట. టికెట్ చవక, జనం పలచన, పక్కన కూర్చునేవాళ్లు రోజూ వచ్చేవాళ్లు, అడిగితే విసుక్కోకుండా చెప్తారు. కింద ఖరీదైన సీట్ల కంటే బ్యాటర్ నిలబడే హోమ్ ప్లేట్ వెనక పై అంతస్తు కొనండి, మైదానంలో తొమ్మండుగురూ ఎలా కదులుతున్నారో అక్కణ్ణుంచే తెలుస్తుంది. రాత్రి ఆటైతే జూలై అయినా సరే స్వెట్టర్ తప్పనిసరి, ఆ గాలికి వణికిపోతారు. శాకాహారులైతే గార్లిక్ ఫ్రైస్, తొక్కతో ఉన్న వేరుశెనక్కాయలు. బయటి తిండి చాలా పార్కుల్లో రానిస్తారు, నేను ఇన్నేళ్లూ పులిహోరే తీసుకెళ్లాను, పక్కవాళ్లకి పెట్టాను, నాకు తెలిసిన సగంమంది అభిమానులు అలా పరిచయమైనవాళ్లే. బ్యాగుల నిబంధనలు మాత్రం బయల్దేరే ముందు చూసుకోండి.

బ్యాటర్ నిలబడి ఉండగా సీటు వరసలోంచి లేచి పోకండి, ఆ వంతు అయ్యాక కదలండి. ఫోన్ చూస్తూ కింది వరసల్లో కూర్చోకండి, పక్కకి ఎగిరొచ్చే ఫౌల్ బంతి తగిలితే పళ్లు రాలతాయి. బంతి చేతికి చిక్కితే పక్కన పిల్లలుంటే ఇచ్చేయండి. ఏడో ఇన్నింగ్స్ మధ్యలో అందరూ లేచి ఒక పాత పాట పాడతారు, పదాలు రాకపోయినా లేవండి. 2023లో బంతి వేయడానికి గడువు పెట్టే పిచ్ క్లాక్ వచ్చాక ఆట రెండున్నర గంటల పైచిలుకులో అయిపోతోంది, కాబట్టి ట్రాఫిక్ అని ముందే లేచిపోవడానికి కారణం లేదు. నన్ను 11-0 దగ్గర కూర్చోబెట్టిన మనిషిని తలుచుకుని చెప్తున్నాను, ఆఖరి అవుట్ దాకా ఉండండి.

స్కోరు కార్డు కొనుక్కోండి, చవకే. పెన్ను కాదు, రబ్బరున్న పెన్సిల్ తీసుకెళ్లండి. హిట్ అని ప్రకటించినదాన్ని స్కోరరు ఆలోచించుకుని తరవాత ఎర్రర్‌గా, అంటే ఫీల్డర్ తప్పుగా, మార్చేస్తుంటాడు, అప్పుడు గడి చెరిపి మళ్లీ రాయాల్సి వస్తుంది.